ఇనుముకీ ఇనుముకీ మధ్య నూలుపోగు

అంజిబాబుకి ఈత రాదు. ముందు ఆ సంగతి చెప్పేస్తే గానీ నాకు తోచదు. చుట్టూ గోదారి పాయలున్న కోనసీమలో పుట్టాడు, బండారులంకలో కాలవకి నాలుగడుగుల దూరంలో పెరిగాడు, అయినా మొలలోతు నీళ్ళలో తల ముంచి ఎరగడు. రేవుకి వెళ్ళినా మెట్టుమీద కూర్చుని చెంబుతో పోసుకోవడమే. అలాంటి మనిషి వచ్చి నా ఒంటిమీది గొట్టాలు సర్ది, క్లిప్పులు తగిలించి, "ఇక దిగండి" అంటే తప్ప పదమూడేళ్ళపాటు నేను నీళ్ళలోకి దిగలేదు. మధ్యలో రెండుసార్లు సొంత తెలివి చూపించాను. ఆ తెలివి ఎంత ఖరీదైందో కూడా చెబుతాను.

నా పేరు పోలిరాజు. మాది దిండి. తాతల నాటినుంచి గోదారి మీద పడవలు నడిపిన కుటుంబం. నా నోరు మంచిది కాదని మా ఆవిడ మొదలుకుని రాజోలు బస్టాండులో టీకొట్టువాడి దాకా అందరికీ తెలుసు. కాబట్టి నేనెవరినైనా మెచ్చుకుంటే ముఖస్తుతి అనుకోవాల్సిన పనిలేదు.

ఊపిరి బిగబట్టి మునగడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ ఒక్క విద్య చూసి ఒక ఏజెంటు నన్ను తొంభైనాలుగులో మస్కట్ పంపించాడు. అక్కడ డైవింగ్ కంపెనీవాళ్ళు కొన్ని నెలలు నేర్పి, వీపున సిలిండరు కట్టి, ఓడల అడుగు గీకడానికి దించారు. మరుసటి ఏడు అంజిబాబు వచ్చాడు. చీరలకి గిరాకీ పడిపోయి మగ్గం మూలపడితే, ఏ పనైనా పర్వాలేదని వచ్చాడట. మేం నీళ్ళలోంచి వచ్చాక మా సామాను మంచినీళ్ళతో కడిగి ఆరేసే పని ఇచ్చారు. సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకి వంచి నడిచేవాడు. మగ్గం గుంటలో పాతికేళ్ళు కూర్చున్నవాళ్ళ నడక అలాగే ఉంటుంది. మన జిల్లావాడని తెలిసి పలకరిస్తే, "ఆయ్, మాది బండారులంకండి" అన్నాడు. అంతకుమించి మాట రాలేదు.

ఆ సామాను గురించి రెండు ముక్కలు చెప్పాలి. సిలిండరు మెడ దగ్గరనుంచి నాలుగు రబ్బరు గొట్టాలు బయలుదేరతాయి. ఒకటి నోట్లోకి. ఒకటి అవసరానికి దాచుకునే రెండో నోటి గొట్టం. ఒకటి ఒంటిమీది గాలి జాకెట్టులోకి. నాలుగోదాని చివర చేతిగడియారానికి పెద్దన్నలాంటి గేజి. సిలిండరులో ఇంకెంత గాలి మిగిలిందో దాని ముల్లు చెబుతుంది. ఈ గొట్టాలు ఎటుబడితే అటు వేలాడితే రాతికో, తాడుకో, వలకో తగులుకుంటాయి. అందుకని కుక్కగొలుసు చివర కొక్కెం లాంటి ఉక్కు క్లిప్పు ఒకటి గొట్టానికి కట్టి, దాన్ని జాకెట్టు మీది ఇనప రింగుకి తగిలిస్తారు. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

రామోన్ పోయేదాకా అలాగే అనుకున్నాను.

రామోన్ ఫిలిప్పీన్స్ మనిషి. నాకంటే మంచి డైవరు, నాకంటే మంచి నోరు కూడా. తొంభైఆరు ఎండాకాలంలో మునిగిపోయిన ఒక బార్జి దగ్గర పని పడింది. అతని గేజి క్లిప్పు జాకెట్టు రింగులోంచి ఊడి బార్జి ఉక్కుతాడుకి తగులుకుంది. క్లిప్పు నోరు తెరుచుకోలేదు. ఆ క్లిప్పుని గొట్టానికి ఉక్కు రింగుతో బిగించి ఉంచారు. ఉక్కు కత్తికి తెగదు, గొట్టమే కోసుకుంటే ఉన్న గాలీ పోతుంది. మేం వెళ్ళి అతన్ని పైకి తెచ్చేసరికి గేజి ముల్లు సున్నా మీద ఉంది. కత్తి చేతిలోనే ఉంది. ఉక్కు రింగు మీద ఆ కత్తి గీసిన గీతలు నా కళ్ళతో చూశాను. జాకెట్టు విప్పేసుకుని రావచ్చు కదా అని ఒడ్డున కూర్చుని టీ తాగేవాళ్ళు అంటారు. గాలి అయిపోతున్నప్పుడు బుర్ర ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు.

అంజిబాబు రెండురోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు నేను వెళ్ళి కేకలేశాను. "నీకేమయ్యా, నువ్వు అతనికి చుట్టానివా పక్కానివా?" అన్నాను.

"పొద్దున్న కడిగినప్పుడు ఆ రింగు చూసేనండి. ఇది ఎక్కడైనా చిక్కుకుంటే ఈయన ఎలా తెంపుకుంటాడు అనిపించిందండి. కడిగేవాణ్ణి, నాకెందుకులే అని ఊరుకున్నానండి."

కేకలు ఆపేసి అతని పక్కన కూర్చున్నాను. నాకది అరుదు.

"ఇక నుంచి నేనే కడతానండి" అన్నాడు. "నే కట్టినోళ్ళు పైకి రావాలండి. అంతేనండి."

మర్నాడు సూపర్‌వైజరు దగ్గరికి ఒక గొట్టం, ఒక క్లిప్పు పట్టుకెళ్ళాడు. రెండింటికీ మధ్య ఇనుము లేదు. ఇంటినుంచి తెచ్చుకున్న చీరల నూలు, ఆరు పోగులు మెలేసి, తేనెమైనం పట్టించి, క్లిప్పు కంటిలోంచి గొట్టం చుట్టూ అల్లి ముడేశాడు. వచ్చీరాని ఇంగ్లీషులో "పుల్ సార్" అన్నాడు. సూపర్‌వైజరు పశువులాంటి మనిషి. కాలు గోడకి ఆనించి మరీ లాగాడు. కదల్లేదు. అప్పుడు అంజిబాబు కత్తి మొన ఆనించాడు, నొక్కలేదు, ఆనించాడంతే. క్లిప్పు టంగుమని కిందపడింది. ఆ గదిలో పదకొండుమందిమి ఉన్నాం. ఒక్కరం నవ్వలేదు.

వారం తిరిగేసరికి డైవర్లంతా అతని ముందు క్షవరానికి కూర్చున్నట్టు వరసగా నిలబడడం మొదలుపెట్టారు. రెండో నోటి గొట్టాన్ని మెడ కింద రబ్బరు ఉంగరంలో దూర్చేవాడు. మిగిలిన గొట్టాలు రెక్కల్లా బయటికి రాకుండా సైకిలు ట్యూబు కోసి ఉంగరాలు చేసి సిలిండరుకి అణిచేవాడు. అంతా అయ్యాక ఇంకో పని చేసేవాడు. వెనక్కి వచ్చి నిలబడి, కళ్ళు మూసుకుని, నా ఎడమచెయ్యి కిందనుంచి తన చెయ్యి పోనిచ్చి నడుము దగ్గర క్లిప్పు తడిమేవాడు. ఒక్కోసారి పెదవి విరిచి, మొత్తం విప్పేసి, ముడిని ఒక వేలెడు పక్కకి జరిపి మళ్ళీ కట్టేవాడు. మళ్ళీ కళ్ళు మూసుకోవడం, మళ్ళీ తడమడం. ఎండకి సిలిండరు బరువుతో నా నడుం విరిగిపోతుండేది.

"ఏవయ్యా, నాకు దిష్టి తీస్తున్నావా?" అనేవాణ్ణి.

"ఆయ్, అలాంటిదేనండి" అని నవ్వేవాడు.

నూలు ఉప్పునీళ్ళలో తొందరగా కుళ్ళుతుంది. పది రోజులకోసారి అన్ని గొట్టాలవీ తెంపేసి కొత్తవి కట్టేవాడు. నైలాను కట్టి చావచ్చు కదా అని ఒకసారి విసుక్కున్నాను.

"నైలానైతే కట్టేసి మర్చిపోతామండి. నూలైతే చూసుకుంటా ఉండాలండి" అన్నాడు.

అతనికీ నాకూ అసలు తగువు అక్కడే. మా పడవవాళ్ళకి ముడి వదిలిందంటే పడవ గోదారి పాలైనట్టే. చచ్చినా వదలని ముడి వేసినవాడే మాలో మొనగాడు. నూలు తెగుతుందన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. అతను మాత్రం, "మా మగ్గం మీద పోగు రోజుకి వందసార్లు తెగుద్దండి. తెగడం తప్పు కాదండి. ఎక్కడ తెగాలో మనకి తెలిసుండాలండి" అనేవాడు. చాదస్తం అనుకునేవాణ్ణి.

రెండువేల ఒకటిలో ఇద్దరం ఇంటికొచ్చేశాం. అన్నేళ్ళలో అతను కట్టిన మనుషులు ఎన్ని వందలసార్లు నీళ్ళలోకి దిగారో నాకు లెక్క తెలియదు. అందరూ పైకి వచ్చారు. అది మాత్రం తెలుసు.

అతను మళ్ళీ మగ్గం ఎక్కాడు. నేను కంపెనీవాళ్ళు పక్కన పడేసిన పాత సామాను ఒక జత అడిగి తెచ్చుకుని దిండిలో పని పెట్టుకున్నాను. లంగరు తెగి పడిపోతే తీయడం, ఇంజను పడవల ఫ్యానుకి చుట్టుకున్న వలలు కోయడం, హౌస్‌బోట్లు వచ్చాక వాటి అడుగు చూడడం. పని తగిలినప్పుడల్లా బండారులంకలో అతని పక్కింటి కిరాణాకొట్టుకి ఫోను చేసేవాణ్ణి. అతను మగ్గం దిగి, అంబాజీపేట మీదుగా రాజోలు బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి ఇంకో బస్సులో దిండి వచ్చేవాడు. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలు అడ్డం తిరిగాయంటే గంట ఆలస్యం. నేను రేవులో కూర్చుని అతన్నీ, లారీలనీ, కొబ్బరిచెట్టునీ కలిపి తిట్టుకునేవాణ్ణి.

రెండువేల నాలుగు సెప్టెంబరులో మొదటి తెలివి చూపించాను. చిన్న పనే కదా అని అతన్ని పిలవకుండా దిగాను. సామాను తడిగా గోనెలో కుక్కి నెలరోజులు ఉంచిన ఘనత నాదే. నూలు మెత్తబడిపోయి ఉంది. నీళ్ళలో గేజి గొట్టం వదులై కాళ్ళ మధ్య ఊగింది, క్లిప్పు జారి గోదారిలో పడిపోయింది. ప్రమాదమేం జరగలేదు గానీ నాకు తిక్క రేగింది. ఉన్నదల్లా నా తప్పేనని ఒప్పుకోవడం కంటే నూలుని తిట్టడం తేలిక. ఇంటికొచ్చి, స్లాబులకి ఇనపచువ్వలు కట్టే తీగ ఒక మూర తీసుకుని, కొత్త క్లిప్పుని ఆ తీగతో గొట్టానికి మెలితిప్పి పడేశాను. ఇప్పుడు ఎలా ఊడుతుందో చూస్తానన్నాను. అది రెండో తెలివి.

పది రోజుల తరవాత లాజరు వచ్చాడు. లాజరు మా ఊరి చివర ఉండే జాలరి. అతని ఇంజను పడవ రేవుకి కాస్త ఎగువన గాలికి బోల్తాపడి, ముప్పై అయిదు అడుగుల లోతులో కూర్చుంది. మనుషులు ఈదుకుని బయటపడ్డారు. ఇంజనుకి తాడు కట్టి పైకి లాగాలి. వరదనీరు ఇంకా ఎర్రగానే ఉంది. మా దగ్గర గోదారికి సముద్రపు పోటూ, నీళ్ళు వెనక్కి తీసే పాటూ తెలుస్తాయి. పోటు ఎక్కడం ఆగి పాటు మొదలయ్యే లోపు నీళ్ళు ఒక అరగంట నిలబడతాయి. పని ఆ అరగంటలోనే.

ఈసారి అంజిబాబుని పిలిచాను. తీగ సంగతి మాత్రం చెప్పలేదు. లాజరు తమ్ముడి పడవలో ముగ్గురం అక్కడికి వెళ్ళాం. నీళ్ళు నిలబడ్డాయి. నేను సిలిండరు తగిలించుకుని కూర్చున్నాను. అంజిబాబు వెనక్కి వచ్చి, కళ్ళు మూసుకుని చెయ్యి పోనిచ్చాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇది ఎవరు కట్టేరండి?"

"నేనే. నీ నూలు నా క్లిప్పుని మింగేసింది. పద, టైమవుతోంది."

అంజిబాబు పడవలో ఉన్న కటింగ్ ప్లయర్ అందుకుని తీగ తుంచేశాడు. మొలలోంచి చిన్న నూలుండ తీశాడు. పోగులు విప్పి, తొడమీద మెలేసి, మైనం రాయడం మొదలుపెట్టాడు. నేను గొంతు చించుకున్నాను. నీళ్ళు తిరిగిపోతాయని, పాటు మొదలైతే నా శవం అంతర్వేదిలో తేలుతుందని, వాడి చాదస్తం వాడి మగ్గానికే పరిమితం చేసుకోమని, ఇంకా ఇక్కడ రాయకూడనివి చాలా అన్నాను. లాజరు తలొంచుకుని కూర్చున్నాడు.

అంజిబాబు పోగులు మెలేస్తూనే ఉన్నాడు. "రామోన్ అప్పుడు ఊరుకున్నానండి" అన్నాడు, నా మొహం చూడకుండా. "మీరు నన్ను కొట్టినా సరేనండి, ఇలా మాత్రం దింపనండి."

కట్టాడు. వెనక్కి వచ్చి కళ్ళు మూసుకున్నాడు. తడిమాడు. విప్పి, జరిపి, మళ్ళీ కట్టాడు. పావుగంట పోయింది. నేను అతనివైపు చూడకుండా దిగాను. నా నడుముకి కట్టిన సన్నతాడు కొస అతని చేతిలో ఉంది. ఒకసారి గుంజితే క్షేమం, మూడుసార్లు గుంజితే పైకి లాగమని.

ఎర్రనీళ్ళలో పది అడుగులు దాటితే వెలుగు ఉండదు. కళ్ళద్దం దగ్గర పెట్టుకున్న నా చెయ్యి నాకే కనపడదు. తడుముకుంటూ ఇంజను పట్టుకున్నాను, తాడు కట్టాను, ఒకసారి గుంజాను. అప్పుడే పాటు మొదలైంది. పడవతో పాటే మునిగిన లాజరు వల ఆ వడికి లేచి వచ్చి నన్ను ఎడమపక్కనుంచి చుట్టుకుంది. కదిలితే బిగిసింది. నడుం దగ్గర తడిమితే అర్థమైంది. క్లిప్పు జాకెట్టు రింగులోంచి ఊడి, వల అంచుతాడు దాని నోట్లోకి జారిపోయింది. విప్పుదామంటే క్లిప్పు నిండా ఇసక, నోరు తెరవడం లేదు. గేజి కళ్ళ దగ్గరికి రాదు, ఎంత గాలి ఉందో తెలియదు. కంగారులో ఆవురావురుమని పీల్చేశాను, మూడుసార్లు తాడు గుంజాలన్నది తోచనే లేదు. కాసేపటికి పీల్చడం బరువెక్కింది. గాలి అయిపోయే ముందు అలాగే ఉంటుంది.

కత్తి తీసి వల కోశాను. ఒక కన్ను కోస్తే నాలుగు కళ్ళు వచ్చి కత్తికే చుట్టుకున్నాయి. సిగ్గుపడకుండా చెబుతున్నాను, భయపడ్డాను. మా ఆవిడా పిల్లలూ గుర్తురాలేదు. రామోన్ ఉక్కు రింగు మీద ఉన్న గీతలు గుర్తొచ్చాయి. నేను మెలితిప్పిన తీగ గుర్తొచ్చింది.

ఎడమచెయ్యి కిందికి వదిలాను. ఎక్కడా వెతకలేదు. వేళ్ళు ఆనినచోటే ముడి ఉంది. బొటనవేలి కింద మైనం నున్నదనం తెలిసింది. ఆ వేలి పక్కగా కత్తి మొన ఆనించాను. నొక్కిన గుర్తు కూడా లేదు. క్లిప్పు, వల, ఇసక అన్నీ అక్కడే ఉండిపోయాయి, నేను విడివడ్డాను. చివరి గుక్క నోట్లో ఉండగా పైకి తేలాను.

పడవలోకి లాగి పడుకోబెట్టారు. దగ్గీ దగ్గీ తెరిపిన పడ్డాక లాజరు చెప్పాడు. "తాడు బిగిసిపోయిందండి. లాగేద్దావని నేను పట్టుకుంటే ఈయన పట్టుకోనివ్వలేదండి. లాగితే చిక్కు బిగుస్తాది, వదులు చెయ్యాలి అని తాడు వదులుతానే ఉన్నాడండి. మీరు కిందున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడండి."

అంజిబాబు నా పక్కన గొంతుక్కూర్చుని గేజి గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. తెగిన నూలు కొసలు చూశాడు. వాటిని వేళ్ళతో నిమిరాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"మొదటి తడుముకే దొరికిందాండీ?"

"దొరికింది."

"ఆయ్" అన్నాడు.

ఎనిమిదేళ్ళుగా పక్కనే ఉన్నా అడగని మాట అప్పుడు అడిగాను. "అంజిబాబూ, కట్టాక కళ్ళెందుకు మూసుకుంటావయ్యా?"

ఇందులో చెప్పడానికి ఏముందన్నట్టు చూశాడు. "కింద మీకు కళ్ళుండవు కదండీ."

అందుకే వెనక నిలబడేవాడు. అందుకే నా చెయ్యి కిందనుంచి తన చెయ్యి పోనిచ్చేవాడు. అందుకే ఒక వేలెడు జరపడానికి మొత్తం విప్పేవాడు. మొలలోతు నీళ్ళంటే భయపడే మనిషి, నేను దిగిన ప్రతిసారీ నాకంటే ముందు ఆ చీకట్లోకి వెళ్ళి, నా చెయ్యి ఎక్కడికి వస్తుందో చూసి, అక్కడ ఒక పోగు కట్టి వచ్చాడు. నేను దిష్టి అన్నాను. చాదస్తం అన్నాను. గోదారి నేనొక్కణ్ణే ఎరుగుదునని ఊరంతా చెప్పుకు తిరిగాను. వయసులో నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. అయినా లేచి కాళ్ళు పట్టుకోబోయాను.

అతను కంగారుగా వెనక్కి జరిగి పడవ అంచుకి గుద్దుకున్నాడు. "ఊరుకోండి, పోలిరాజుగారండీ. నన్ను నీళ్ళలో పడేస్తారేంటండీ, నాకు ఈత కూడా రాదు" అన్నాడు.

లాజరు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

తరవాత పాటు తగ్గేదాకా రేవులో కూర్చున్నాం. ఇంజనుకి తాడైతే కట్టాను గానీ అది వలలో చిక్కుకుని ఉంది. మళ్ళీ దిగాలి. ఇంకో సిలిండరు ఉంది. దిగుతారా అని లాజరు అడగలేదు, నేనే అంజిబాబుని మళ్ళీ కట్టమని అడిగాను. అతను జేబులోంచి ఇంకో క్లిప్పు తీశాడు. ఆరు పోగులు లెక్కపెట్టి, తొడమీద మెలేసి, మైనం రాసి కట్టాడు. లేచి నా వెనక్కి వచ్చాడు. నా ఎడమచెయ్యి కిందనుంచి అతని చెయ్యి వచ్చింది.

ఆ రోజు నేను తొందరపెట్టలేదు. అతనితో పాటు నేనూ కళ్ళు మూసుకున్నాను.